కార్డులో ఫోటోలు తీసెయ్యి

హలో, అందరికీ వినబడుతోందా? కాస్త టీవీ సౌండ్ తగ్గించి కూర్చోండి. నేను మెదక్ నుంచి పరశురాం, పటాలు కట్టే పరశురాం. పొద్దున్నే మన వాట్సాప్ గ్రూపులో చర్చి గోపురం మీద మబ్బుల ఫోటో పెట్టి మీ అందరికీ శుభోదయం చెప్పేవాణ్ణి కదా, కొన్నాళ్లుగా పెట్టడం లేదు. "ఏమైందన్నా, నంబర్ మారిందా" అని చాలా మంది అడిగారు. ఒక్కొక్కరికి ఫోన్ చేసి చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే సరిచేసుకుని చదువుకోండి.

మా తమ్ముడు రఘుపతి పోయాడు.

పొద్దున చాయ తాగుతూ ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆటోలో దవాఖానకు చేరేలోపే అయిపోయింది. దీని గురించి ఇంతకంటే రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉంటే రాసేవాణ్ణి.

మీలో కొందరికి వాడు తెలుసు. ఫంక్షన్లకు ఫోటోలు తీసేవాడు. మొదట్లో ఏడుపాయల జాతరలో కెమెరా మెడకు వేసుకుని తిరిగేవాడు. భక్తులు తడి బట్టలతో నిలబడితే ఫోటో తీసి అక్కడికక్కడే చేతికిచ్చేవాడు. అందరికీ ఫోన్లు వచ్చాక ఆ పని పోయింది. పెళ్లిళ్లు, పేరు పెట్టుడు, చర్చిలో బాప్తిస్మాలు, ఇవే మిగిలాయి. వాడు ఫోటో తీస్తే నేను పటం కట్టేవాణ్ణి. ఈ ఊళ్లో సగం ఇళ్ల గోడల మీద మా ఇద్దరి పని ఉంటుంది.

పటాల షాపులో నాకో పద్ధతి ఉంది. కళ్లు మూసుకున్న ఫోటోకు పటం కట్టను. పోయినవాళ్ల ఫోటో తెచ్చినప్పుడు ముందు కళ్లు చూస్తాను. మూసుకుని ఉంటే తిరిగి ఇచ్చేస్తాను. "గోడ మీద మనిషి మనల్ని చూడాలె. పడుకున్నట్టు ఉండొద్దు. ఇంకోటి తెండ్రి" అంటాను. కొందరు కోపం చేస్తారు. మళ్లీ వెతుక్కుని తెస్తారు. నాకు ఆ పద్ధతి నేర్పింది కూడా రఘుపతే. ఫోటోలో కళ్లు మూసుకోవడమంటే వాడికి అంత చిరాకు. వంద మంది నిలబడ్డా వాడి కేక ఒకటే. "కండ్లు కొట్టకుండ్రి, జర కండ్లు కొట్టకుండ్రి."

వాడు పోయాక చూస్తే వాడి ఫోటో లేదు.

లేదంటే అసలు లేదని కాదు. పెళ్లి ఆల్బమ్ ఉంది. అందులో ఉన్నది మీసాలు సరిగా రాని పిలగాడు. ఆధార్ కార్డు మీద ఉంది. ఆధార్ ఫోటో ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. దినాలకు గల్లీవాళ్లు దాన్నే పెద్దగా చేసి ఫ్లెక్సీ కొట్టించారు. అంత పెద్దగా చేసేసరికి మొహం బూడిదలా చెదిరిపోయింది. రఘుపతి భార్య యాదలక్ష్మి దాన్ని ఒకసారి చూసి తల పక్కకు తిప్పుకుంది.

"గాయిన ఎవరో" అంది వాళ్ల అమ్మ కిష్టవ్వతో.

కిష్టవ్వ చేగుంట నుంచి వచ్చి కూతురి దగ్గరే ఉంది. "నీ మొగడే బిడ్డా" అని కొంగుతో మూతి తుడుచుకుంది.

లాజరు సార్‌కు ఫోన్ చేశాను. ఆయన రిటైర్డ్ టీచరు. పోయే ముందు రోజు రఘుపతి తీసింది వాళ్ల అమ్మాయి నిశ్చితార్థమే, వాళ్లు ప్రధానం అంటారు. "సార్, మీ ఫోన్లల్ల మా తమ్ముడు ఏమన్న పడ్డడా" అని అడిగాను. ఆయన ఇంటివాళ్లందరి ఫోన్లూ వెతికించి నాకు పంపారు. ఉన్నాడు. కేకు దగ్గర ఉన్నాడు, ఉంగరాల దగ్గర ఉన్నాడు, పాస్టరమ్మ పక్కన ఉన్నాడు. అన్నిట్లోనూ మొహానికి నల్ల కెమెరా అడ్డం. చెవులు కనబడుతున్నాయి.

"ఒక్కటన్న మంచిది లేకపాయె పరశురాం" అన్నారు లాజరు సార్. "ఎప్పుడు సూసినా కన్ను దానికే పెట్టి ఉండె."

నేను ఏడవలేదు. దినాల్లో కూడా ఏడవలేదు. నా భార్య భాగ్య రెండుసార్లు వచ్చి మొహంలోకి చూసి పోయింది. ఆకలైతే తిన్నాను. వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాను. ఎవరో "పెద్దోడు గట్టోడు" అన్నారు. గట్టితనం కాదండీ. పంటి డాక్టరు సూది వేశాక దవడ ఉంటుంది చూడండి, మనదే కానీ మనది కానట్టు, అట్లా ఉండింది.

దినాలైపోయి చుట్టాలు వెళ్లిపోయాక, షాపులో ఊరికే కూర్చుని ఉంటే ఒక మాట గుర్తుకొచ్చింది. ప్రధానం అయిన సాయంత్రం రఘుపతి నేరుగా నా షాపుకే వచ్చాడు. కెమెరా బ్యాగు బల్ల మీద పెట్టి నవ్వాడు.

"అన్నా, ఇయ్యాల నన్ను గూడ ఫోటోల నిలవెట్టిండ్రు."

"నిన్నా? మరి ఎవలు కొట్టిండ్రు?"

"లాజరు సార్ బామ్మర్ది. బటన్ ఏదో తెల్వక ఫ్లాష్ మీద ఒత్తుతుండు పాపం."

"వచ్చిందా మరి?"

"రెండోది మంచిగ వచ్చింది. కడిగినంక నీకే ఇస్త, పటం కట్టు."

"నీకెందుకురా పటం, నీకేమైంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. వాడు ఇంకా ఫోటో కడగడమనే అంటాడు, కార్డు కెమెరాలు వచ్చి ఎన్నేళ్లయినా.

అంటే వాడి మొహం ఉన్న ఫోటో ఒకటి కెమెరాలో ఉంది. లేచి షాపుకు తాళం వేసి వాళ్ల ఇంటికి వెళ్లాను. యాదలక్ష్మి కెమెరా బ్యాగును గోడకు మేకుకు తగిలించి ఉంచింది. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోలేదు. నేను సంగతి చెప్పగానే తనే దించి తెచ్చింది. నెల మాసికం దగ్గర పడుతోంది. అప్పటికి పటం కట్టి గోడకు పెట్టాలి, దాని ముందు విస్తరి వెయ్యాలి. ఆ ఫ్లెక్సీ మొహం ముందు నేను అన్నం పెట్టను బావా అంది.

వాడి కంప్యూటర్ ముందు గదిలోనే ఉంది. కెమెరాలోంచి కార్డు తీసి రీడర్‌లో పెట్టి దాన్ని కంప్యూటర్‌కు గుచ్చాను. ఆ మాత్రం వాడు చేస్తుంటే చూశాను. తెర మీద ఒక డబ్బా వచ్చింది. ఇంపోర్ట్ అని ఉంది. ఒత్తాను. చిన్న చిన్న గళ్లు వచ్చాయి, కొన్నిట్లో బొమ్మ ఉంది, కొన్ని ఖాళీగా ఉన్నాయి. ఒక గీత కొంచెం దూరం పాకి ఆగిపోయింది. ఇంగ్లీషులో ఏదో రాసింది.

"ఏమంటుంది బావా?" యాదలక్ష్మి వెనుక మంచం మీద కూర్చుంది.

"ఏందో రాసింది."

"సదువు."

"సదువుతున్న. అర్థం గావాలె గద."

రీడర్ తీసి, ఊది, మళ్లీ గుచ్చాను. ఈసారి కార్డే కనబడలేదు. ఇంకోసారి గుచ్చితే కనబడింది, మళ్లీ గళ్లు, మళ్లీ గీత, మళ్లీ ఆగింది. కిష్టవ్వ వంటింట్లోంచి వచ్చి చూసింది. "టీవీ లెక్క పక్కకెళ్లి ఒక్కటి కొట్టు అల్లుడా" అంది. కొట్టాను కూడా. ఏం కాలేదు.

అప్పుడే, ఎవరి కార్డో చెప్పకుండా తెరను ఫోన్‌తో ఫోటో తీసి మన గ్రూపులో పెట్టాను, గుర్తుందా మీకు? చాలా మంది చేతులు జోడించే బొమ్మ పెట్టారు. శ్రీకాంత్ సార్ ఒక్కరే సరిగా చదివి రాశారు, రీడర్ పాడై ఉంటుంది, లేదంటే కార్డే పాడవుతోంది, మీరు గెలకకండి, తెలిసినవాళ్లకు ఇవ్వండి అని. ఆయనకు అప్పుడు థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మరునాడు కార్డు తీసుకుని ఇద్దరం మోసెస్ సెంటర్‌కు వెళ్లాం. చర్చి గేటుకు కొంచెం ఇవతల ఉంటుంది. ఆన్‌లైన్ దరఖాస్తులు, పాస్‌పోర్టు ఫోటోలు, ప్రింట్లు అన్నీ అక్కడే. రఘుపతి ఫోటోలన్నీ అక్కడే ప్రింటు తీయించేవాడు. యాదలక్ష్మి దినాల తర్వాత గడప దాటడం అదే మొదలు. నేను బండి స్టాండ్ వేస్తుంటే ఫోన్ వచ్చింది, ఎవరో దేవుడి పటం అయ్యిందా అని. నేను మాట్లాడుతూ ఉండిపోయాను, తను లోపలికి వెళ్లింది.

ఫోన్ పెట్టేసి మెట్టు మీదకు వచ్చేసరికి లోపల మాటలు వినబడుతున్నాయి. నేను చెప్పులు విడుస్తూ విన్నాను.

"రఘన్న కార్డా అక్కా ఇది?" అన్నాడు మోసెస్.

"ఆ. దీన్ల ఫోటోలు తీసెయ్యి."

"అన్ని తీసెయ్యాల్నా?"

"అన్ని."

"ఒక్కపారి సూస్కుంటవా, తీసే ముందల?"

"వద్దు మోసెస్. ఈడ సూస్తే తట్టుకోలేను. నువ్వు తీసెయ్యి."

"ఏమి ఉంచొద్దా మరి?"

"ఒక్కటి గూడ ఉంచకు."

మోసెస్ కుర్చీ ముందుకు జరిగిన చప్పుడైంది. "సరే అక్కా" అన్నాడు మెల్లగా. మౌస్ టక్కుమంది. మళ్లీ టక్కుమంది.

నేను లోపలికి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. ఆ మాటల్లో నాకు తప్పేమీ అనిపించలేదు. నేను అడిగినా అట్లాగే అడిగి ఉండేవాణ్ణి.

"అయిపోయింది అక్కా" అని మోసెస్ కార్డు తీసి ఆమె చేతికిచ్చాడు.

"గింత జల్దినా? ఇంట్ల బావ పొద్దంత గుంజిండు, ఒక్కటి రాలె."

"దీనికెంతసేపు."

యాదలక్ష్మి కార్డును రుమాలులో చుట్టి పర్సులో పెట్టుకుంది. "మరి యాడ పెట్టినవ్?"

"ఏమిటియి?"

"ఫోటోలు."

మోసెస్ ఆమె వైపు చూసి, నా వైపు చూశాడు.

"యాడ పెట్టుడేందక్కా. తీసెయ్యమంటివి గద."

"తీసెయ్యమన్న. తీసి నీ కంప్యూటర్ల పెడ్తవనుకున్న."

"ఒక్కటి గూడ ఉంచొద్దంటివి."

"కార్డుల ఉంచొద్దన్న. మొత్తం ఇవతలకు తియ్యమన్న."

మోసెస్ కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. "కెమెరా అమ్ముతున్నరంటే... మీ చేగుంట చుట్టమాయిన ఎవరో అడిగిండని అందరంటున్నరు. అమ్మేముందు కార్డు ఖాళీ చేపిస్తరు గద, గట్లనుకున్న. ఫార్మాట్ కొట్టిన అక్కా."

ఆ చుట్టం దినాల్లోనే కెమెరా బ్యాగు వైపు చూస్తూ అడిగిన మాట నిజమే. యాదలక్ష్మి అతనికి జవాబు కూడా చెప్పలేదు. కానీ ఊరికి తెలిసింది.

ఎవరూ అరవలేదు. యాదలక్ష్మి ఏడవలేదు. "నీళ్లున్నయా మోసెస్" అని అడిగింది. అతను సీసా ఇస్తే తాగి, మూత గట్టిగా బిగించి, తిరిగి ఇచ్చింది. బయట చర్చి చూడటానికి వచ్చినవాళ్లు ఫోన్లు పైకి పట్టుకుని గోపురాన్ని తీసుకుంటున్నారు. నేను వాళ్లను చూస్తూ కూర్చున్నాను. వాళ్లలో ఒకావిడ పచ్చ చీర కట్టుకుంది. అది ఇప్పటికీ బాగా గుర్తుంది, ఎందుకో తెలియదు.

మీరే చెప్పండి, తప్పెవరిది? ఫోటో తీయడమన్నా తీయడమే. పెట్టెలోంచి చీర తీయడమన్నా తీయడమే. తలుపు తీయడమంటే తెరవడం. రేషన్ కార్డులోంచి పేరు తీసేశారంటే లేకుండా చేయడం. మనకు అన్నిటికీ అదొక్క మాటే ఉంది. యాభై ఏళ్లు ఆ మాటను నోట్లో పెట్టుకుని తిరిగాను, ఎప్పుడూ దానికి తట్టుకుని పడలేదు.

మోసెస్ ముందుగా తేరుకున్నాడు. "అన్నా, ఆగుండ్రి. కార్డు మల్ల ఇటియ్యి అక్కా. పైకి ఖాళీ అయినట్టు కనవడతది గని, లోపట ఉంటయి. దాని మీద కొత్తయి ఎక్కకుంటే దొరుకుతయి. ఎక్కియ్యలేదు గద?"

"నేనేం ఎక్కిస్త మోసెస్. ఇప్పుడే గద నువ్విచ్చింది" అంది యాదలక్ష్మి. పర్సులోంచి రుమాలు తీసి విప్పింది.

అతను షట్టరు సగం దించాడు. ఎవరో దరఖాస్తుకు వస్తే "సర్వర్ డౌనుంది, రేపు రాండ్రి" అన్నాడు. పోయిన ఫోటోలను వెతికేదేదో కంప్యూటర్‌లో ఎక్కించి, కార్డు గుచ్చాడు. ఇతని రీడర్ మంచిదైనా మధ్యమధ్యలో ఆగుతోంది.

"కార్డే ఖరాబయితుందన్నా" అన్నాడు. "ఇంట్ల గూడ అందుకే ఎక్కలేదు. మెల్లగ రానియ్యాలె."

మెల్లగానే వచ్చాయి. మోసెస్ చాయ తెప్పించాడు. యాదలక్ష్మి తన కప్పును చేతిలోనే పెట్టుకుని చల్లార్చింది. అతను మూడోసారి "నాదే తప్పక్కా, ఇంకో మాట అడగాల్సుండె" అన్నప్పుడు, ఆమె తెర మీంచి కళ్లు తిప్పకుండా "నువ్వు అడిగినవ్ మోసెస్. అన్ని అడిగినవ్. నేనే అన్నిటికి ఆ అన్న" అంది.

పేర్లు పోయి ఉత్త నంబర్లతో ఫోటోలు రావడం మొదలైంది. పూల దండలు. లాజరు సార్ కొత్త కోటు. పెళ్లికూతురి చేతి గోరింటాకు. కొన్ని బాగున్నాయి, కొన్నిట్లో కింది సగం బూడిద రంగు పలకలా ఉంది. అసలుది వచ్చింది. లాజరు సార్ ఇంటివాళ్లంతా రెండు వరసల్లో నిలబడ్డారు. చివర్లో కుడి పక్కన రఘుపతి నిలబడి ఉండాలి. అక్కడ పైనుంచి కిందిదాకా బూడిద రంగు. ఒక చెయ్యి మాత్రం మిగిలింది, లాజరు సార్ భుజం మీద వేసింది. వాచీ చూసి యాదలక్ష్మి గుర్తు పట్టింది.

"ఆయినదే" అంది.

మోసెస్ ఆ ఫోటోను పెద్దది చేశాడు, చిన్నది చేశాడు, మళ్లీ పెద్దది చేశాడు. బూడిద రంగు బూడిద రంగుగానే ఉంది. నేను లేచి ఇంటికి పోదామన్నాను. నాకు అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు, మీకు అబద్ధం చెప్పను. లేదనుకున్నది లేదని తేలింది, అంతే.

"కూసోండ్రి అన్నా, ఇంకా వస్తున్నయి" అన్నాడు మోసెస్.

"ఇంకేమొస్తయి, ఫంక్షన్ అయిపాయె గద."

"ఇవి వేరేయి. రఘన్న కెమెరాలనే తీసేసినయి. పనికిరావని అప్పటికప్పుడు తీసేస్తరు గద, గవ్వి గూడ వస్తున్నయి."

అట్లాంటివి చాలా వచ్చాయి. ఎవరిదో వీపు. బండల నేల. వాడి చెప్పుల ముందు భాగం. లైటు చూసుకోవడానికి తెల్ల గోడ. కదిలిపోయిన కేకు. వాడు చూసి, వద్దనుకుని, పారేసినవి. చెప్పుల ఫోటో వచ్చినప్పుడు యాదలక్ష్మి కొంచెం ముందుకు వంగింది.

తర్వాత మళ్లీ ఆ రెండు వరసలు వచ్చాయి. ఫోటో కొంచెం వంకరగా ఉంది. ముందు వరసలో పిల్ల ఒకతి పక్కకు చూస్తోంది. కుడి చివర రఘుపతి ఉన్నాడు. పైనుంచి కిందిదాకా ఉన్నాడు. ఒక చెయ్యి లాజరు సార్ భుజం మీద ఉంది, రెండో చెయ్యి ముందుకు చాపి, ఫోటో తీస్తున్న బామ్మర్దికి వేలు చూపిస్తున్నాడు, "గది కాదు, పైన బటన్" అన్నట్టు. పెద్దగా నవ్వుతున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"రెండోది మంచిగ వచ్చింది" అన్న వాడి మాట అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఇది మొదటిది. కళ్లు మూసుకున్నానని చూసి తీసేశాడు. తీసేసి ఇంకోటి తీయించుకున్నాడు.

నేను అలవాటు కొద్దీ ముందు కళ్లే చూశాను. అలవాటు కొద్దీ ఇంకోటి తెండ్రి అనే మాట నోటిదాకా వచ్చింది. ఎవరిని తెమ్మంటాను?

"కండ్లు తెరిపియ్యొచ్చన్నా" అన్నాడు మోసెస్. "ఇప్పుడు ఏఐల అన్ని అయితయి. మొన్న ఒకాయన ముసలి తండ్రిది తెస్తే కండ్లు తెరిపించి, తెల్ల చొక్కా గూడ ఏసిచ్చిన."

"సెయ్యి సూద్దాం" అన్నాను.

అతను రఘుపతి ఒక్కణ్ణి విడిగా కత్తిరించి ఏదో చేశాడు. తెర మీద చక్రం కాసేపు తిరిగింది. రఘుపతి కళ్లు తెరిచాడు.

మంచి కళ్లే. పెద్దవి, తెల్లగా, మధ్యలో చుక్క మెరుస్తోంది. సినిమా పోస్టర్ మీద ఉండే కళ్లు. నోరు నవ్వుతోంది, కళ్లు నవ్వడం లేదు, నేరుగా మమ్మల్నే చూస్తున్నాయి. నేను ఊళ్లో అందరికీ చెప్పేది అదే కదా, గోడ మీద మనిషి మనల్ని చూడాలని. చూస్తున్నాడు.

"ఎవరియి గీ కండ్లు?" అంది యాదలక్ష్మి.

"మొఖాన్ని బట్టి అదే పెడ్తదక్కా."

"ఆయినకు కుడికన్ను జర చిన్నగుంటుండె. ఎప్పుడు దాన్నే మూస్తుండె గద, కెమెరా కోసం." ఆమె కాసేపు చూసింది. "తీసెయ్యి."

మోసెస్ చెయ్యి మౌస్ మీదికి వెళ్లి ఆగిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏది తీసెయ్యాలె అక్కా?" అన్నాడు. "జర మొత్తం చెప్పు. యాడికెళ్లి తీసెయ్యాలె, ఏది ఉంచాలె, మొత్తం నోటితోని చెప్పు."

యాదలక్ష్మి అతని వైపు తిరిగింది. ఆ నెలలో ఆమె మొహంలో నవ్వులాంటిది నేను చూడటం అప్పుడే. నవ్వు కాదు, దానికి కొంచెం దగ్గరిది.

"గా కండ్లు తీసెయ్యి. మనిషిని ఉంచు."

"ఎప్పటి లెక్కనే? మూసుకున్నట్టే?"

"మూసుకున్నట్టే. గాయిన గంతే. ఊరందరిని కండ్లు కొట్టకుండ్రి అని ఒర్రుతడు, తనకు ఫ్లాష్ పడితే రెండు కండ్లు మూసుకుంటడు. మా లగ్గం ఆల్బమ్ సూడు బావా, అండ్ల గూడ సగం ఫోటోలల్ల మూసుకునే ఉంటడు."

ఇంటికి వెళ్లాక చూశాను. నిజమే. ఇన్నేళ్లూ నేను ఆ ఆల్బమ్‌లో వాడి మీసాలే చూశాను.

మోసెస్ రఘుపతి ఒక్కడే ఉండేట్టు కత్తిరించిన ఫోటో ప్రింటు తీసి ఇచ్చాడు. దాచిపెట్టుకోవడానికి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, నా ఫోన్‌లో ఒకటి, యాదలక్ష్మి ఫోన్‌లో ఒకటి పెట్టాడు. ఒక్కొక్కటి పెట్టి తెరిచి చూపించాడు. "ఉంది గద? ఉంది గద?" అని ప్రతిసారి అడిగాడు. ఉంది అని ప్రతిసారి చెప్పాం. మిగిలినవన్నీ లాజరు సార్‌కు పంపించాడు.

పటం నేనే కట్టాను. వేరే ఎవరు కడతారు? పటం అంచుకు మంచి బీడింగ్ చెక్క తీసుకుని నాలుగు ముక్కలు కోశాను. మూలలు కలిపాను. అద్దం తుడిచాను. అటు నుంచి తుడిచాను, ఇటు నుంచి తుడిచాను. ఇన్నేళ్లలో ఎంతమందివి తుడిచానో అట్లాగే తుడిచాను, చేతికి తేడా తెలియలేదు. ఆ చాపిన వేలు ఫ్రేమ్ అంచుకు తగులుతోంది. మామూలుగా అయితే అక్కడ కత్తిరించేవాణ్ణి. రెండు బీడింగ్ ముక్కలు పక్కన పారేసి పెద్దవి కోసి, అద్దం మార్చి, వేలు కూడా వచ్చేట్టు కట్టాను.

బిగించి బల్ల మీద నిలబెట్టిన కాసేపటికి, మా పక్క గల్లీ బాలనర్సమ్మ వచ్చింది. గాలిదుమారానికి పగిలిన లక్ష్మీదేవి పటానికి అద్దం వేయించుకోవడానికి. పోయినేడు వాళ్లాయన ఫోటోను నేను ఒకసారి వెనక్కి పంపాను, కళ్లు మూసుకున్నాడని. ఆమె నిలబడి రఘుపతి పటాన్ని చూసింది.

"కండ్లు మూసుకున్నోనికి కట్టనంటివి గద పరశురాం."

"అన్న."

"మరి గిదేంది?"

"మా తమ్ముడు."

"తెలుసు." ఆమె ఇంకా దగ్గరికి వచ్చి, కొంగుతో అద్దం మీద లేని దుమ్ము తుడిచింది. "గట్లయితె మాయినది గూడ కట్టు. మొదాలు తెచ్చినదే మాయినది. నువ్వు పంపిస్తివని రెండోది కట్టిచ్చిన. రెండోది ఎవరిదో ఉన్నట్టుంటది."

"తీస్కరా" అన్నాను.

మాసికం రోజు పటం గోడకు పెట్టాం. యాదలక్ష్మి అద్దం మీద బొట్టు పెట్టి, దండ వేసి, ముందు విస్తరి వేసింది. దండ వేలుకు అడ్డం పడితే పక్కకు జరిపింది. కిష్టవ్వ దూరం నుంచి చూసి "ఇప్పుడు అల్లుడే" అంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ చాపిన వేలు నా వైపే ఉంది. గది కాదన్నా, పైన బటన్ అంటున్నట్టే ఉంది. నాకు ఏడుపు వచ్చిందని రాస్తే మీకు బాగుంటుంది, కానీ రాలేదు. ఇంకా రాలేదు. ఆకలి వేసింది, తిన్నాను.

రేపటి నుంచి మళ్లీ మబ్బుల ఫోటో పెడతాను. ఇంత పెద్దది చదివారు కాబట్టి చివరగా ఒక్క పని చేసిపెట్టండి. ఇది మీకు తెలిసిన ఫోటోగ్రాఫర్లకు పంపండి, కంప్యూటర్ సెంటర్లవాళ్లకు పంపండి. ఎవరైనా కార్డు తెచ్చి తీసెయ్యి అంటే, ఎక్కడి నుంచి తీసి ఎక్కడ పెట్టాలో మొత్తం నోటితో చెప్పించుకోమనండి. ఇంట్లో ఫంక్షన్ ఉన్నవాళ్లకు కూడా పంపండి. కెమెరా పట్టుకున్నాయనను ఒక్కసారి పిలిచి పక్కన నిలబెట్టుకోమనండి. కళ్లు మూసుకున్నా సరే, ఆ ఫోటో ఉంచుకోమనండి.